గనిలో త్రోవ: యంత్రవేగమా, పనిపొందికయా?

బొగ్గుగని యనగానే పట్టణవాసుల మనస్సునకు తోచునది బొగ్గు; త్రోవ కాదు. కాని భూగర్భమున బొగ్గుకంటె ముందు పుట్టవలసినది త్రోవయే. మనుష్యుడు లోనికి పోవుటకు, గాలి ప్రసరించుటకు, ఊటనీరు తోడుటకు, బొగ్గు పైకి చేరుటకు, ఆపద వచ్చినపుడు ప్రాణములతో బయటపడుటకు, అన్నిటికిని ఆ సొరంగమే దిక్కు. త్రోవ లేని చోట బొగ్గు ఎంత యున్నను అది భూమి సొత్తేగాని మన సొత్తు కానేరదు.

ఐనను గనుల యభివృద్ధిని గూర్చి చర్చ వచ్చినపుడెల్ల వినవచ్చు మాట సాధారణముగా ఒక్కటియే: ఇంకను పెద్ద యంత్రమును తెప్పింపవలెనని. ఎక్కువ పళ్లు గల కోతయంత్రము వచ్చినచో సొరంగము దానంతట అదియే వడిగా సాగునని పలువురి నమ్మకము. ఈ నమ్మకము సరియైనది కాదు. చెరువు ఎంత పెద్దదైనను తూము సన్ననిదైనచో పొలమునకు అందు నీరు తూమును బట్టియే యుండునని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. సొరంగపు పనియు నట్టిదే. కోత, బొగ్గు తరలింపు, కప్పునకు ఆధారము, గాలి, బెల్టు, విద్యుచ్ఛక్తి, సామగ్రి, మనుష్యుల రాకపోకలు అన్నియు కలిసి ఒక్క కాలువ. అందు ఇరుకైన చోటు ఎక్కడనో తెలిసికొనక తక్కినచోట్ల వెడల్పు చేయుట ధనవ్యయమేగాని ప్రయోజనము కాదు.

మన యెదుటనే యున్న సింగరేణిని తీసికొందము. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనిహక్కులను పొందినది. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు వచ్చినది. నేడు దాని వాటాలలో నూటికి 51 తెలంగాణ ప్రభుత్వమునకు, 49 కేంద్రప్రభుత్వమునకు కలవు. అనగా ఈ గనుల లాభనష్టములు తుదకు ప్రజలవే.

గనికార్మికులు గనిని నేటికిని బాయి యందురు. బావి యను మాటయే యది. ఆ బాయిలో పూర్వము సొరంగము సాగిన విధము చూడుడు. బొగ్గుగోడకు రంధ్రములు వేయుట, వానిలో మందు కూరుట, అందరిని దూరముగా పంపి పేల్చుట, పొగ పోవువరకు వేచియుండుట, సర్దారు కర్రతో కప్పును తట్టి చూచి, ధ్వనిని బట్టి గట్టిదో గుల్లదో నిర్ణయించుట, దిమ్మెలు పాతుట, ఫిల్లర్లు బొగ్గును టబ్బుల కెత్తుట, మరల రంధ్రములు వేయుట. ఈ చక్రమున ఒక్క పని నిలిచినను తక్కినవన్నియు నిలుచును. టబ్బులు రాకున్నచో ఫిల్లరు కూర్చుండును. దిమ్మె అందకున్నచో రంధ్రము వేయువాడు వేచియుండును. నాటి మేస్త్రికి గణితశాస్త్రము తెలియకపోయినను ఈ సంగతి కంటికి కనబడుచుండెను. ఏలయన పనివారందరు ఒక్క దీపపు వెలుతురులోనే యుండిరి.

యంత్రములు వచ్చిన పిదప చక్రము మారలేదు. దాని యాకులు మాత్రము ఒండొంటికి దూరమైనవి. లాంగ్‌వాల్ పద్ధతి నిందుకు నిదర్శనముగా చెప్పవచ్చును. ఈ పద్ధతిలో బొగ్గుపొరలో ఒక దీర్ఘచతురస్రమును గుర్తించి, దానికి రెండు ప్రక్కల మైళ్లకొలది త్రోవలు ముందుగా త్రవ్వుదురు. వీనిని గేటురోడ్లందురు. పిమ్మట చివర నుండి ఆ దీర్ఘచతురస్రమును మొత్తముగా కోసికొనుచు వెనుకకు వత్తురు. కప్పును ఇనుప ఆధారములు మోయుచుండును. అవి ముందునకు జరిగిన కొలది వెనుకనున్న కప్పు కూలును. మన దేశమున ఇట్టి స్వయంచాలిత ఆధారములతో లాంగ్‌వాల్ 1978లో ఝరియా ప్రాంతపు మూనిడి గనిలో మొదలైనది. సింగరేణిలో 1980ల దశకమున ప్రవేశించినది. 2014లో రామగుండము ప్రాంతమున అడ్రియాల గనిలో అంతకుముందు లేనంత భారీ యంత్రసముదాయమును నెలకొల్పిరి. ఆ గనికి ఫేసు, అనగా కోసెడు బొగ్గుగోడ, 250 మీటర్ల పొడవు; ఒక్కొక్క ఖండము నిడివి రెండు కిలోమీటర్లకు పైబడినది; సంవత్సరమునకు సుమారు 28 లక్షల టన్నులు లక్ష్యము.

ఇక్కడ చదువరులు మాతోకూడ కొంచెము లెక్క వేయవలెనని కోరుచున్నాము. ఇట్టి కొలతలు గల ఖండమొకటి యున్నదనుకొందము: 250 మీటర్ల వెడల్పు, 2,300 మీటర్ల నిడివి, 3.5 మీటర్ల కోత. ఘనపు మీటరునకు 1.4 టన్నుల చొప్పున దానిలోని బొగ్గు సుమారు 28 లక్షల టన్నులు. అనగా ఫేసు బాగుగా నడచినచో సంవత్సరములో ఒక ఖండమును తినివేయును. ఆ యేడాది ముగియునప్పటికి మరియొక ఖండమునకు త్రోవలు సిద్ధముగా నుండవలెను. ఒక ప్రక్కకు జంటత్రోవలు 4,600 మీటర్లు; నూరేసి మీటర్లకు ఒకటిగా వానిని కలుపు అడ్డత్రోవలు సుమారు 1,000 మీటర్లు; ఫేసును మొదలుపెట్టుటకు 250 మీటర్లు; మొత్తము సుమారు 5,900 మీటర్లు. 300 పనిదినములకు పంచినచో దినమునకు 20 మీటర్లు. ఈ యిరువది మీటర్లు నడువనినాడు కోట్లకొలది రూపాయల ఫేసు యంత్రము త్రోవకొరకు ఎదురుచూచుచు నిలిచిపోవును.

ఇక ఒక్క మీటరు త్రోవ యెట్లు పుట్టునో చూతము. త్రోవ వెడల్పు 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకొన్నచో మీటరునకు 15 ఘనపు మీటర్లు, సుమారు 21 టన్నుల బొగ్గు. నిమిషమునకు 10 టన్నులు కోయగల యంత్రమునకు అది రెండు నిమిషముల పని. ఆ బొగ్గును షటిల్ కారు బెల్టువద్దకు మోసికొనిపోవలెను. కారునకు పది టన్నులు, పోయివచ్చుటకు ఐదు నిమిషములు అనుకొన్నచో రెండు ప్రయాణములకు పది నిమిషములు. పిమ్మట కప్పునకు, ప్రక్కగోడలకు పది బోల్టులు బిగింపవలెను. బోల్టునకు మూడు నిమిషముల చొప్పున, రెండు డ్రిల్లులతో, పదునైదు నిమిషములు. ఒకదాని తరువాత ఒకటి జరిగినచో మొత్తము 27 నిమిషములు. ఇవి కొలిచి వ్రాసిన సంఖ్యలు కావు, తెలియుట కొరకు వేసికొన్న లెక్కలు. ఐనను కోతకాలము తక్కిన కాలములకంటె మిక్కిలి చిన్నదను సంగతి గని యెరిగినవారందరు ఒప్పుకొందురు.

లెక్క ఇంతటితో ముగియలేదు. ఎనిమిది గంటల షిఫ్టులో దిగుటకు, ఫేసువరకు నడచుటకు, కప్పును, గాలిని పరీక్షించుటకు, తిరిగి యెక్కుటకు పోగా ఐదు గంటలు మిగిలినవనుకొందము. ఆ యైదు గంటలలో పదునొకండు మీటర్లు సాగును. మూడు షిఫ్టులలో ఒకటి యంత్రముల మరమ్మతునకు పోగా, దినమునకు 22 మీటర్లు. కాని ప్రతి నూరు మీటర్లకు బెల్టును ముందునకు పొడిగింపవలెను. ట్రాన్సుఫార్మరును, కేబులును, నీటిగొట్టములను, గాలిగొట్టములను జరుపవలెను. దీనికి రెండు దినములు పట్టినచో, నూరు మీటర్లకు నాలుగున్నర దినములు త్రవ్వకము, రెండు దినములు మార్పు, వెరసి ఆరున్నర దినములు. దినమునకు సగటున 15 మీటర్లే. అవసరమైనవి 20. ఫేసు త్రోవను తరుముకొని వచ్చి ఆగుట నిశ్చయము.

ఇప్పుడు చికిత్స నాలోచింతము. కోతయంత్రపు వేగమును రెట్టింపు చేసితిమనుకొందము. ఇరువదియేడు నిమిషములు ఇరువదియారగును. సగటు పదునైదు నుండి పదునాఱునైనను చేరదు! ఆ ధనముతోనే డ్రిల్లులను రెండింటి నుండి నాలుగు చేసి, బెల్టు మార్పును ముందుగా సామగ్రి సమకూర్చుకొని రెండు దినముల నుండి ఒక దినమునకు తగ్గించినచో సగటు 23 మీటర్లు దాటును. యంత్రము పాతదే, మనుష్యులు వారే, బొగ్గును అదియే. మారినది చూపు. గనిని ముక్కలుగా చూచిన కన్ను కోతయంత్రమును నిందించినది. మొత్తముగా చూచిన కన్ను బోల్టును, బెల్టును చూచినది.

ఇంత తేటయైన విషయము ఏల మరుగుపడుచున్నది? పని విభాగములుగా పంచబడినందున. కోతవిభాగము కోసిన టన్నులను లెక్కించును. విద్యుద్విభాగము మోటార్లు చెడని గంటలను లెక్కించును. సరకులకొట్టు తన నిలువలను తగ్గించి మెప్పు పొందును. రెజిన్ గొట్టములు రెండు దినములు ఆలస్యమైన యెడల ఆ నష్టము దాని పద్దులో పడదు. ఎవరి లెక్కలు వారికి సరిపోవుచునే యుండును. త్రోవ మాత్రము సాగదు. వరికోతకు నూరుమందిని దింపి, మోపులు కట్టుటకు ఇద్దరిని, బండికి ఒకనిని నియమించిన కామందు, కోసినవారి సంఖ్యను చూచి సంతోషింపడు. కల్లమునకు చేరిన ధాన్యమును చూచును. గనిలో కల్లమనగా బోల్టులు బిగించి, గాలి చేర్చి, బెల్టు నడపి అప్పగించిన మీటరు త్రోవ. దానిని లెక్కించు పుస్తకము విభాగములలో దేనియొద్దను లేదు.

ఈ విషయము క్రొత్తది కాదు. ఇంగ్లండులోని గనులనుండియే దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము వచ్చినది. 1951లో లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్టు, పూర్వము తాను గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్తు కలిసి, లాంగ్‌వాల్ పద్ధతి కార్మికులపై కలిగించిన ఫలములను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. పూర్వము ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కోత, ఎత్తుడు, ఆధారము అన్నియు తామే చూచుకొనుచుండిరి. లాంగ్‌వాల్ వచ్చిన పిదప పనిని మూడు షిఫ్టులకు పంచిరి: ఒక షిఫ్టు కోత, ఒక షిఫ్టు కన్వేయరును జరుపుట, త్రోవలను ముందునకు త్రవ్వుట, ఒక షిఫ్టు బొగ్గు నింపుట. పనికొక జీతము, పనికొక జట్టు. ఒక షిఫ్టు వారి లోపమును తరువాతి షిఫ్టు వారు అనుభవించుచుండిరి. కాని ఒకరితో నొకరు మాటలాడుట లేదు. యంత్రము గొప్పదే, ఫలము మాత్రము తగ్గినది.

పిమ్మట 1950ల దశకమున డర్హము ప్రాంతమున కొందరు గనికార్మికులు మరియొక విధముగా పనిచేయుట పరిశోధకులు చూచిరి. సుమారు నలుబదిమంది గల జట్టు మొత్తమునకు ఒకే వేతనపత్రము. ఏ షిఫ్టు తన పనిని ముందుగా ముగించినను తరువాతి పనిని అందుకొనును. ఎవరెక్కడ నుండవలెనో వారే నిర్ణయించుకొందురు. 1963లో ప్రకటింపబడిన గ్రంథములో ఈ రెండు విధములను పోల్చిరి. విడివిడి జట్ల ఫేసు తన శక్తిలో నూటికి 78 పాళ్లు ఫలమీయగా, కూడిన జట్టు 95 పాళ్లు ఇచ్చినది. పనికి రానివారు మొదటిదానిలో నూటికి ఇరువదిమంది, రెండవదానిలో ఎనిమిదిమంది. బొగ్గుపొర అట్టిదే, యంత్రములు అట్టివే. మనుష్యులను పని మొత్తమునకు బాధ్యులను చేసిన మాత్రమున ఇంత భేదము కలిగినది. మొత్తపు చూపు గనియధికారికి మాత్రమే యుండిన చాలదు, సపోర్టుమన్‌కును ఉండవలెనని దీని సారాంశము.

యంత్రశాలలను గూర్చి ఎలియాహు గోల్డ్రాటు 1984లో ప్రకటించిన ‘ది గోల్’ అను పుస్తకమున ఇదే తత్త్వము మరియొక రూపమున కలదు. ఇరుకును కనుగొనుము, దానిని ఒక్క నిమిషమైనను వృథాగా నిలువనీయకుము, తక్కిన పనులన్నిటిని దాని నడకకు లోబరచుము, పిమ్మటనే దానిని వెడల్పు చేయుము, అది తీరినచో క్రొత్త ఇరుకు ఎక్కడ పుట్టినదో వెదకుము. ఇవే అతని సూత్రములు. మూడవ సూత్రము మిక్కిలి కష్టమైనది. ఇరుకు కాని చోట పనివాడు కొంతసేపు ఊరక యుండుటను అధికారి సహింపవలెను. బోల్టులు నడువక ముందే కోసి పోగుచేసిన బొగ్గు ప్రగతి కాదు. ఆధారము లేని కప్పును పెంచుట మాత్రమే.

ఆస్ట్రేలియా గనులవారును ఈ మార్గమునే పట్టిరి. అచ్చట అమ్మకపు బొగ్గు టన్నునకు ఐదు సెంట్ల చొప్పున గనులన్నియు చందా వేసికొని పరిశోధన నిధిని నడపుచున్నవి. ఈ శతాబ్దపు తొలి దశకమున వారు త్రోవల త్రవ్వకమునకు ఒక లక్ష్యము నిర్ణయించుకొనిరి: పనిగంటకు పది మీటర్లు, దినమునకు ఇరువది గంటలు. లక్ష్యము పెద్దదే. కాని అందు గమనింపదగినది వారు కోతయంత్రమును ఒక్కదానినే చూడక, బోల్టులను వేయు విధమును, బొగ్గును ఎడతెగక తరలించు విధమును, బెల్టు గొట్టముల పొడిగింపును, మనుష్యుల శిక్షణను ఒక్క సమస్యగా నెంచుట.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. త్రోవ వడిగా సాగవలెనను తొందరలో కార్మికుల ప్రాణములకు ముప్పు రాదా యని. ఈ ప్రశ్న న్యాయమైనది. 2022 మార్చి 7వ తేదీన అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిరి. అట్టి దుఃఖము తరువాత వేగమను మాట నోట రానిచ్చుటకు సంకోచము కలుగును. కాని బాగుగా ఆలోచించినచో మొత్తపు చూపే భద్రతకు మిత్రము. ముక్కల చూపే శత్రువు. టన్నులే మెప్పునకు కొలతయైన చోట బోల్టు పనికి అడ్డుగా కనబడును. దానిని కుదించుటకు మనస్సు లాగును. అప్పగించిన త్రోవయే కొలతయైన చోట బోల్టు లేని మీటరు మీటరే కాదు, లెక్కలోనికి రాదు. గాలిలో మండువాయువు నూటికి 1.25 పాళ్లు మించినచో విద్యుచ్ఛక్తిని నిలుపవలెనని గనుల నిబంధన. గాలిగొట్టము ఫేసునకు వెనుకబడినందున యంత్రము ఆగిన గంటను కోతవిభాగపు దురదృష్టముగా వ్రాసికొనరాదు. గాలిని పొడిగించుట మరచిన వ్యవస్థ లోపముగా వ్రాసికొనవలెను. డ్రిల్లుల సంఖ్యను పెంచుట వేరు, బోల్టుల సంఖ్యను తగ్గించుట వేరు. మొదటిది వివేకము, రెండవది నేరము.

ఈ గనిలోపలి సంగతులతో మాకేమి పని యని పొలముగల గృహస్థులు అడుగవచ్చును. పని కలదు. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఉపరితలపు గనులనుండియే వచ్చుచున్నది. ఉపరితలపు గని యనగా ముందు ఊరు, చేను, చెరువు పోవలెను. పిమ్మట బొగ్గు రావలెను. భూగర్భగని కూడ నేలను కొంత క్రుంగదీయును. లాంగ్‌వాల్ పైభాగమున ఆ క్రుంగుట నిజము. ఐనను మట్టిని మొత్తముగా ఎత్తి గుట్టలు పోయునంతటి నష్టము దానివలన లేదు. లోతుగా నున్న బొగ్గును పైనుండి త్రవ్వుట సాధ్యమును కాదు. భూగర్భపు పని గిట్టుబాటు కాలేదను మాట వినవచ్చిన కొలది అధికారుల చూపు మన పొలములమీదికి మరలును. గిట్టుబాటు కాకపోవుటకు కారణము బొగ్గుపొరయా, త్రోవల యాలస్యమా యని అడుగు హక్కు చేను కోల్పోవువానికి లేదా?

కావున మేము సూచించునది స్వల్పము. మొదటిది: ప్రతి గనియు అప్పగించిన త్రోవను మీటర్లలో లెక్కించి, అది నిలిచిన ప్రతి గంటకు కారణమును ఫేసువద్దనే వ్రాసి, కార్మికులు చదువుకొను పలకపై ప్రకటింపవలెను. రెండవది: త్రోవ మొత్తమునకు, కోత మొదలు కరెంటు వరకు, ఒక్క యధికారి బాధ్యుడు కావలెను, సరకులకొట్టును, బెల్టువిభాగమును ఆతని మాటకు లోబడవలెను. మూడవది: బెల్టు పొడిగింపును ముందు తెలియని ఆటంకముగా గాక, పెండ్లిముహూర్తమువలె నిశ్చయించి, దానికి వలసిన సామగ్రిని ముందురోజుననే చేర్చవలెను. నాలుగవది: సర్దార్లను, ఓవర్‌మన్లను, బోల్టులు వేయువారిని వారమునకొకసారి కూర్చుండబెట్టి ఇరుకు ఎక్కడనో వారినే అడుగవలెను, చీకటిలో వేచియున్నవానికి తాను దేనికొరకు వేచియున్నాడో బాగుగా తెలియును. ఐదవది: ఈ నాలుగును జరిగి, కోతయే ఇరుకని తేలిన పిదపనే క్రొత్త కోతయంత్రమునకు ఉత్తరువు వ్రాయవలెను.

వీనిలో దేనికిని విదేశములకు పోనక్కరలేదు. పెక్కుచోట్ల వలసినది ఒక పలక, ఒక సుద్దముక్క, విభాగముల గోడలను దాటి మాటలాడుటకు కొంత వినయము. దిగుమతి చేసికొన్న యంత్రము త్రోవలేక నిలిచిన ప్రతిదినము ప్రజల సొమ్ము భూమిలో కూర్చుండును. తొందరలో బోల్టు తప్పిన ప్రతి మీటరునందు ఒక యింటి దీపము పణముగా నుండును. ఈ రెండు నష్టములను ఆపు ఉపాయము ఒక్కటియే యైనపుడు దానిని పట్టుటకు ఆలస్యమేల?